మా మామ బండ మీద చెట్టు: నేను చెప్పింది తప్పు ఫ్రెండ్స్!



ఈ రోజు ఎపిసోడ్ కొంచెం వేరే. మామూలుగా నేను మీకు ఒక విషయం చెప్తా, మీరు కింద కామెంట్లలో నన్ను తిడతారు, లేదంటే మెచ్చుకుంటారు. ఈ రోజు మాత్రం ముందు నన్ను నేనే తిట్టుకుంటా. మూడు నెలల కింద నేను పెట్టిన ఒక రీల్‌లో పెద్ద తప్పు చెప్పినా. ఆ తప్పు వల్ల మా సొంత మామకే పదివేల రూపాయల చిక్కు వచ్చింది.

రీల్ చూడనివాళ్ల కోసం చెప్తా. మా మేనమామకు ఆళ్లగడ్డలో బండల షాపు ఉంది. బేతంచెర్ల బండలు, కడప బండలు అమ్ముతాడు. ఒకరోజు నేను నంద్యాల నుంచి పండక్కి ఊరికి పోయినప్పుడు ఒక బండ తీసి చూపించినాడు. లేత పసుపు రంగు బండ. దాని మీద నల్లగా, అచ్చం చిన్న చెట్టు బొమ్మ! కాండం, కొమ్మలు, కొమ్మలకు మళ్లీ చిన్న కొమ్మలు. ఎవరో సన్నటి బ్రష్‌తో గీసినట్టు ఉంది.

నాకు ఆగలేదు. ఆ వారమే కాలమైటిస్ గురించి ఒక డాక్యుమెంటరీ చూసి ఉన్నా. అంటే డైనోసార్ల కంటే ముందు బతికిన రాక్షస మొక్కలు. వెంటనే ఫోన్ తీసి, నలభై సెకన్ల రీల్ చేసేసినా. "ఫ్రెండ్స్, మన ఆళ్లగడ్డలో 30 కోట్ల ఏళ్ల నాటి చెట్టు దొరికింది!" అని. నా చానెల్‌లో అంత స్పీడుగా వ్యూస్ ఏ వీడియోకూ రాలేదు.

నాలుగో రోజు మామకు బెంగళూరు నుంచి ఫోన్. "ఆ ఫాసిల్ బండ మాకు కావాలి, అరవై వేలు ఇస్తాం, అడ్వాన్స్ పదివేలు ఇప్పుడే వేస్తాం" అన్నారంట. మామ నాకు ఫోన్ చేసి, "అల్లుడూ, నీ నోట్లో చక్కెర పొయ్య! రాళ్లు అమ్మి ఇన్నేండ్లు బతికినాను గానీ, ఒక్క రాయికి ఇంత రేటు ఎప్పుడూ చూడలా" అన్నాడు. అడ్వాన్స్ వచ్చింది. వచ్చిన డబ్బు వచ్చినట్టే మా మరదలు హాస్టల్ ఫీజుకు కట్టేసినాడు.

అదే వారంలో నాకు ఒక సబ్‌స్క్రైబర్ మెసేజ్ పెట్టింది. జియాలజీలో ఎమ్మెస్సీ చదువుతోంది. చాలా మర్యాదగా ఒకటే ప్రశ్న అడిగింది: "అన్నా, ఆ బండ ఏ ఊరి రాయి? ఆ రాయి వయసెంత? భూమి మీద మొక్కల వయసెంత? ఈ రెండూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడు."

పెట్టి చూసినా. నా కడుపులో ఏదో జారిపోయినట్టు అయింది.

సరే, ఆ లెక్క చెప్పే ముందు అసలు ఈ మొక్కలేంటో చెప్పాలి. ఎందుకంటే నేను తప్పు చెప్పింది మా బండ గురించే గానీ, ఆ మొక్కల కథ మాత్రం నిజంగా అదిరిపోతుంది.

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు ఈక్విసిటం అనే పేరు గుర్తుందా? బాటనీలో టెరిడోఫైటా చాప్టర్‌లో ఒక బొమ్మ ఉంటుంది. సన్నటి పచ్చటి గొట్టం, మధ్య మధ్యలో కణుపులు, పైన చిన్న కంకి లాంటిది. ఇంగ్లీషులో దాన్ని హార్స్‌టెయిల్ అంటారు, అంటే గుర్రం తోక. లాటిన్‌లో ఈక్వస్ అంటే గుర్రం, సీటా అంటే బిరుసు వెంట్రుక. నేను ఎంపీసీ కాబట్టి నాకు ఆ బొమ్మ తెలీదు. మా చెల్లి పాత పుస్తకంలో చూసినా.

దాన్ని ఊహించుకోవాలంటే మన చెరుకు గడను గుర్తు తెచ్చుకోండి. కణుపు, కణుపు, కణుపు. చెరుకుకు, దీనికి చుట్టరికం ఏమీ లేదు, చూడ్డానికి మాత్రమే పోలిక. చెరుకు లోపల రసం, గుజ్జు ఉంటుంది. ఇది లోపల డొల్ల. ప్రతి కణుపు దగ్గర చిన్న చిన్న ఆకులు గుండ్రంగా, ఒక చుట్టులా వస్తాయి. పూలు లేవు, పండ్లు లేవు, విత్తనాలు లేవు. పొడి లాంటి సిద్ధబీజాలతోనే వంశం నడుస్తుంది.

ఇంకో తమాషా. దీని ఒంట్లో సిలికా ఉంటుంది, ఇసుకలో ఉండే పదార్థమే. అందుకే ముట్టుకుంటే గరుకుగా ఉంటుంది. యూరప్‌లో ఒకప్పుడు దీంతో గిన్నెలు తోమేవాళ్లు. మనకు బూడిద, కొబ్బరి పీచు ఎట్లనో వాళ్లకు ఇది అట్ల.

సిద్ధబీజాల సంగతి ఇంకా బాగుంటుంది. ఒక్కో బీజానికి నాలుగు రిబ్బన్ల లాంటి చేతులుంటాయి. గాల్లో తేమ ఉంటే ముడుచుకుంటాయి, ఆరితే విచ్చుకుంటాయి. 2013లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు హైస్పీడ్ కెమెరాతో తీసి చూస్తే, ఆ ముడుచుకోవడం విచ్చుకోవడంతోనే అవి నడుస్తున్నాయి, ఎగురుతున్నాయి! కాళ్లు లేవు, కండరాలు లేవు, బ్యాటరీ లేదు. గాల్లో తేమ మారితే చాలు.

ఇప్పుడు ప్రపంచం మొత్తంలో ఈ జాతిలో మిగిలినవి ఇరవై లోపు రకాలే. ఎక్కువ భాగం మోకాలెత్తు, నడుమెత్తు మొక్కలు. కానీ 30 కోట్ల ఏళ్ల కింద వీళ్ల చుట్టాల రేంజే వేరు.

కాలమైటిస్ అంటే ఈ గుర్రం తోకల పెద్దతాతల తరం అనుకోండి. పది నుంచి ఇరవై మీటర్ల ఎత్తు, కొన్ని ఇంకా ఎక్కువ. ఐదారు అంతస్తుల అపార్ట్‌మెంట్ పక్కన నిలబడి తల పైకెత్తి చూడండి. అంత ఎత్తు, కణుపులు కణుపులుగా, ప్రతి కణుపు దగ్గరా ఆకుల చక్రం. మట్టి కింద దుంప వేరు పాకుతూ పోయి కొత్త చెట్లు లేపుతుంది. వరద వచ్చి బురదలో సగం పూడిపోయినా మళ్లీ కణుపు నుంచి మొలుస్తుంది. నది ఒడ్డున, చెరువు అంచున బతకడానికి పుట్టిన చెట్టు.

ఆ కాలాన్ని కార్బొనిఫెరస్ యుగం అంటారు. సుమారు 36 కోట్ల ఏళ్ల నుంచి 30 కోట్ల ఏళ్ల కింది వరకు. ఇప్పటి యూరప్, అమెరికా ప్రాంతాలు అప్పుడు భూమధ్యరేఖ దగ్గర ఉండేవి. అంతా వేడి చిత్తడి అడవి. ఆ అడవిలో రెక్కలు చాపితే రెండడుగుల పైన ఉండే తూనీగ లాంటి పురుగులు. మనిషి కంటే పొడుగైన జెర్రి జాతి పురుగులు. రాత్రి పూట బాత్రూంలో చిన్న జెర్రి కనిపిస్తేనే నేను మంచం ఎక్కుతా, ఇంక అక్కడుంటే అంతే సంగతులు.

ఇప్పుడు ఒక డౌట్ రావాలి మీకు. లోపల డొల్లగా ఉండే చెట్టు ఇన్ని కోట్ల ఏళ్లు ఎట్ల నిలిచింది?

ఇక్కడ మా ఆళ్లగడ్డ వాళ్లకు ఈజీగా అర్థమవుతుంది. మా ఊరు శిల్పాలకు ఫేమస్ కదా, రోడ్డు పొడుగునా విగ్రహాలే. అచ్చు పోసేవాళ్లను అడిగితే చెప్తారు: డొల్లలో ఏదైనా పోసి గట్టిపడితే, డొల్ల ఆకారమే బొమ్మగా బయటికొస్తుంది. కాలమైటిస్ చచ్చిపోయాక దాని డొల్ల కాండంలోకి బురద, ఇసుక దూరింది. బయట చెట్టు కుళ్లిపోయింది, లోపలి బురద రాయి అయింది. మ్యూజియాల్లో మనం చూసే కాలమైటిస్‌లలో చాలావరకు చెట్టు కావు, చెట్టు లోపలి ఖాళీ! నిలువు గీతలు, మధ్యలో కణుపుల గుర్తులు, అన్నీ లోపలి వైపు నుంచి పడిన ముద్రలు.

ఇంకో కామెడీ. పాతకాలపు శాస్త్రవేత్తలకు కాండం ఒకచోట, ఆకులు ఒకచోట, కంకులు ఇంకోచోట దొరికినాయి. ఒకే చెట్టువని తెలీక దేనికి దానికి పేరు పెట్టేసినారు. కాండం కాలమైటిస్. ఆకులు ఆన్యులేరియా, ఆస్టెరోఫిల్లైటిస్. కంకి కాలమోస్టాకిస్. ఒకే మనిషికి నాలుగు ఇన్‌స్టా అకౌంట్లు ఉన్నట్టు! తర్వాత అతికి ఉన్న ముక్కలు దొరికినప్పుడు గానీ అన్నీ ఒకరివే అని తేలలేదు. ఆ పేర్లు మాత్రం ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

సరే, ఇప్పుడు మన దేశానికి వద్దాం. నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే ఉంది.

కాలమైటిస్ అడవులు యూరప్‌లో పచ్చగా ఉన్నప్పుడు మన నేల ఎక్కడుందో తెలుసా? దక్షిణ ధ్రువం వైపు. ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా, మనం, అందరం కలిసి ఒకే ఖండం. ఉమ్మడి కుటుంబం. దాని పేరు గోండ్వానా. ఆ పేరు మన గోండుల నుంచి వచ్చిందే, గోండుల నేల అని. ఆ కాలంలో మన నేలలో చాలా భాగం మంచు కింద ఉంది. అవును బ్రో, మే నెలలో నంద్యాలలో చెప్పులు లేకుండా నడిచినవాళ్లు నమ్మలేరు గానీ, గోదావరి లోయలో ఆ మంచు ఈడ్చుకొచ్చి పడేసిన రాళ్ల పొర ఇప్పటికీ ఉంది. తాల్చేరు పొర అంటారు.

మంచు కరిగినాక, పెర్మియన్ యుగంలో, అంటే సుమారు 30 నుంచి 25 కోట్ల ఏళ్ల మధ్యలో, చల్లటి చిత్తడి నేలల్లో మన అడవులు మొదలైనాయి. అందులో హీరో గ్లాసోప్టెరిస్, నాలుక ఆకారం ఆకుల చెట్టు. మన గుర్రం తోకల కుటుంబం నుంచి కూడా ఆర్టిస్టులున్నారు. షైజోన్యూరా గోండ్వానెన్సిస్, ఫిల్లోథీకా, రాణిగంజియా. ఆ చివరి పేరు బెంగాల్‌లోని రాణిగంజ్ బొగ్గు గనుల వల్ల వచ్చింది.

షైజోన్యూరా కాలమైటిస్ అంత రాక్షసి కాదు. నీళ్ల ఒడ్డున గుంపుగా పెరిగే రెల్లు లాంటి మొక్క. దీని స్టైల్ ఏంటంటే, కణుపు దగ్గర ఆకులన్నీ విడివిడిగా ఉండకుండా ఒకదానికొకటి అతుక్కుని ఒక తొడుగులా వస్తాయి. తర్వాత ఆ తొడుగు రెండుగా చీలి, రెండు వైపులా రెండు పెద్ద ఆకుల్లాగా వాలుతుంది. షైజో అంటే చీలడం. ఈ మన మొక్కలను ఒక వరుసలో పెట్టి వర్ణించిన పెద్దమనిషి ఒట్టోకర్ ఫైస్ట్‌మాంటెల్. 1870లలో భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసినాడు. ఇదే కుటుంబం మొక్కలు ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా రాళ్లలో కూడా దొరుకుతాయి. ఉమ్మడి కుటుంబం అని చెప్పడానికి అదో సాక్ష్యం.

మన తెలుగు నేల మీద ఆ అడవి ఎక్కడుంది? ఇల్లెందు, కొత్తగూడెం, రామగుండం, మందమర్రి. సింగరేణి! 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించినాడు. 1889లో తవ్వకం మొదలైంది. ఆ బొగ్గంతా పెర్మియన్ చిత్తడి అడవి. ఆకు రాలింది, నీళ్లలో మునిగింది, కుళ్లడానికి గాలి దొరకలేదు, పైన బురద పడింది, నొక్కుకుపోయి నల్లబడింది.

ఇది మనకు దూరం విషయం అనుకోవద్దండి. మా ఆళ్లగడ్డ నుంచి కడప జిల్లాలోకి దిగితే ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంటు ఉంది. సింగరేణి బొగ్గు రైలెక్కి అక్కడికి వస్తుంది. అంటే మీరు ఇప్పుడు ఈ వీడియో చూస్తున్న ఫోన్ చార్జింగ్‌లో కొంత, 25 కోట్ల ఏళ్ల కింద ఏదో ఆకు మీద పడిన ఎండ.

ఇప్పుడు లెక్కకు వద్దాం. జియాలజీ అమ్మాయి అడిగిన ప్రశ్న.

భూమి మీద, అంటే నీళ్లలో కాకుండా నేల మీద, మొదటి మొక్కలు వచ్చింది సుమారు 47 కోట్ల ఏళ్ల కింద. అవి కూడా నాచు లాంటి చిన్న చిన్నవి. కాలమైటిస్ 30 కోట్ల పైచిలుకు. సింగరేణి అడవి 30 నుంచి 25 కోట్లు.

మరి మా బండ? బేతంచెర్ల, కోవెలకుంట్ల, బెలుం గుహలున్న కొలిమిగుండ్ల, ఈ సున్నపురాయి అంతా ప్రొటెరోజోయిక్ కాలానిది. అంటే 54 కోట్ల ఏళ్ల కంటే ముందుది. అహోబిలం వైపు నల్లమల రాళ్లు ఇంకా పాతవి. అప్పుడు ఇక్కడ సముద్రం. నేల మీద చెట్టు లేదు, గడ్డి లేదు, ఆకు అనే మాటే లేదు. చెట్టే పుట్టని కాలపు రాయిలో చెట్టు ఫాసిల్ ఎట్ల ఉంటుంది? మా ముత్తాత పెళ్లి ఫోటోలో నేను నిలబడినట్టు!

సాఫ్ట్‌వేర్‌లో ఆరేళ్లు పనిచేసినా నేను. టైమ్‌స్టాంప్ చూడకుండా లాగ్ నమ్మొద్దని జూనియర్లకు నేనే క్లాసు పీకేవాణ్ని. అదే నేను డేట్ చూడకుండా ప్రొడక్షన్‌లోకి తోసేసినా. రివ్యూ లేదు, టెస్టింగ్ లేదు.

మరి బండ మీద ఆ నల్లటి బొమ్మ ఏంటి? దాన్ని డెండ్రైట్ అంటారు. రాయి పొరల మధ్య సన్నటి సందులోకి నీళ్లు దూరుతాయి. ఆ నీళ్లలో మాంగనీసు, ఇనుము కరిగి ఉంటాయి. నీళ్లు పాకుతూ పోయే కొద్దీ అవి పేరుకుని, ఒక కొన నుంచి ఇంకో కొన, దాన్నుంచి ఇంకో కొన చీలుతూ చెట్టులా పెరుగుతాయి. చలి దేశాల్లో అద్దం మీద మంచు పూలు పూసినట్టు. ప్రాణం లేదు, పెరుగుదల మాత్రం ఉంది.

మీ ఇంట్లో కూడా ఇట్లాంటి బండ ఉండొచ్చు. గుర్తుపట్టడానికి మూడు చెకింగులు చెప్తా. ఒకటి, రాయి వయసు. ఇదే మొదట చూడాలి. రెండు, బొమ్మ ఎక్కడ మొదలైందో చూడండి. డెండ్రైట్ చాలాసార్లు పగులు నుంచో, రాయి అంచు నుంచో బయల్దేరుతుంది. మూడు, శరీరం ఉందా? నిజం ఆకుకు మధ్య ఈనె ఉంటుంది, ఆకుకు ఒక అంచు ఉంటుంది. నిజం గుర్రం తోకకు కణుపు ఉంటుంది, కణుపు దగ్గర చుట్టుగా ఆకులుంటాయి. డెండ్రైట్‌లో కణుపు లేదు, ఈనె లేదు, ఉత్త కొమ్మలే. మా బండ మూడింట్లోనూ ఫెయిల్.

మన వైపు ఫాసిల్స్ అసలే లేవా అంటే, ఉన్నాయి. కడప జిల్లా వేంపల్లె పొరల్లో స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన గుట్టలు, దాదాపు 190 కోట్ల ఏళ్లవి. చెట్టు ఎంత పాతదైనా దీని ముందు పసిపిల్ల. ఆకుల ఫాసిల్సే కావాలంటే నల్లమల దాటి ఒంగోలు వైపు పోవాలి. అక్కడ వేమవరం పొరల్లో క్రెటేషియస్ కాలపు ఆకుల ముద్రలున్నాయి. వాటి మీద కూడా ఫైస్ట్‌మాంటెలే 1879లో రాసినాడు.

ఇంతకూ ఆ రాక్షస మొక్కలు ఏమైనాయి? వాతావరణం ఎండిపోయి చిత్తడి నేలలు తగ్గే కొద్దీ కాలమైటిస్ కుటుంబం పెర్మియన్‌లో తుడిచిపెట్టుకుపోయింది. పెర్మియన్ చివర, 25 కోట్ల ఏళ్ల కింద, సైబీరియాలో లావా పొంగింది. ఆ లావా దారిలో ఉన్న బొగ్గు పొరలు కూడా కాలి, గాల్లో కార్బన్ డయాక్సైడ్ విపరీతంగా పెరిగిందని శాస్త్రవేత్తలు చెప్తారు. మన గ్లాసోప్టెరిస్ అడవి పోయింది. ఆ తర్వాత సుమారు కోటి ఏళ్ల పాటు ప్రపంచంలో ఎక్కడా బొగ్గు పొర ఏర్పడినట్టు దాఖలా లేదు. బొగ్గు కావడానికి అంత చిత్తడి అడవి మిగల్లేదన్నమాట.

అప్పుడు లావా కాల్చింది, ఇప్పుడు మనం కాలుస్తున్నాం. అట్లని సింగరేణి కార్మికుణ్ని తప్పుపట్టడానికి నేను రాలేదు. ఆ కరెంటుతోనే నేను చదువుకున్నా. మా వైపే గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అది ఇవాళ్టి ఎండ, సింగరేణిది పాత ఎండ. ఆ పాత ఎండ దాచుకోవడానికి భూమికి కోట్ల ఏళ్లు పట్టింది. అది మాత్రం గుర్తుంటే చాలు.

ఇంక మామ సంగతి.

రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే బస్సెక్కి ఆళ్లగడ్డ పోయినా. ఫోన్‌లో చెప్పే ధైర్యం లేదు. షాపులో కూర్చోబెట్టి అంతా చెప్పినా. మామ చాలాసేపు మాట్లాడలా. తర్వాత, "నువ్వే చెట్టంటివి, నువ్వే కాదంటివి. ఆ బెంగళూరాయనకు తెలీదు కదా, యాడ పోతాడు?" అన్నాడు.

నిజం చెప్తా ఫ్రెండ్స్, ఒక్క నిమిషం నాకు కూడా అదే అనిపించింది. ఫీజు కట్టేసినాడు. డబ్బు లేదు. ఎవరికీ తెలీదు. రీల్ తీసేసి ఊరుకుంటే అయిపోతుంది.

నేను ఏం మాట్లాడలేదు. మామే కాసేపటికి లేచి, బండ మీద తడిగుడ్డ వేసి తుడుస్తూ, "ముప్పై ఏండ్ల నుంచి ఈ రాళ్లు అమ్ముతాండా. పగిలిన బండ కూడా పగిలిందని చెప్పే అమ్మినా" అన్నాడు. ఆయనే బెంగళూరుకు ఫోన్ చేసినాడు. అటువైపు ఆయన కొంచెం గట్టిగానే మాట్లాడినాడు, మాట్లాడడా మరి! అడ్వాన్స్ వాపసు అడిగినాడు. ఐదువేలు నేనేసుకున్నా, ఐదువేలు మామ రెండు నెలల్లో కట్టినాడు. పోయిన వారంతో లెక్క సరిపోయింది. అందుకే ఈ ఎపిసోడ్ ఇప్పుడు.

ఆ పాత రీల్‌ను డిలీట్ చేయలేదు. దాని మీదే పెద్ద అక్షరాలతో "ఇది తప్పు" అని పెట్టి, ఈ ఎపిసోడ్ లింకు ఇచ్చినా. డిలీట్ చేస్తే, అది ఇప్పటికే చూసి నమ్మినవాళ్లకు నిజం ఎప్పటికీ చేరదు కదా.

బండ ఇప్పుడు మామ షాపు ముందర నిలబెట్టి ఉంది. ఎవరన్నా ఆగి "ఏం చెట్టు పెద్దాయనా ఇది?" అంటే, "చెట్టు కాదప్పా, మాంగనీసు. చెట్టు పుట్టకముందు రాయి ఇది" అంటున్నాడు. నా కంటే బాగా చెప్తున్నాడు.

మీ ఇంట్లో, గుడిలో, బస్టాండులో ఇట్లాంటి బండ కనిపిస్తే ఫోటో తీసి పంపండి. ఏ ఊరి రాయో కూడా రాయండి, అది ముఖ్యం. ఈసారి ముందు వయసు చూసి, తర్వాతే నోరు తెరుస్తా. ఆ జియాలజీ చెల్లెలికి మాత్రం పెద్ద థాంక్స్. తిట్టకుండా ప్రశ్న అడిగింది.

సరే ఫ్రెండ్స్, వచ్చే వారం కలుద్దాం. ఉంటా మరి.